క్లాట్ లాజికల్ రీజనింగ్: ‘ఇది కాదు, అది కాదు, కాబట్టి మిగిలిందే’ వాదనపై అపోహలు - వాస్తవాలు

విజయవాడలో లా కోర్సుల ప్రవేశ పరీక్ష క్లాట్ రాసే పిల్లలకి లాజికల్ రీజనింగ్ చెబుతాను. మంచి మార్కులొచ్చే పిల్లలు కూడా ధీమాగా తప్పు పెట్టే ప్రశ్న ఒకటుంది. రెండు మూడు కారణాలు చెప్పి, ఒక్కోటీ కొట్టేసి, మిగిలిందే అసలు కారణమంటారు. ఈ వాదనని బలపరిచేది ఏది అని అడుగుతారు.

అపోహ: బలపరచడమంటే ముగింపుని నిరూపించడం.

వాస్తవం: అక్కర్లేదు. చదివాక ముగింపు మీద నమ్మకం ఇంతకుముందుకన్నా కాస్త పెరిగితే చాలు.

అపోహ: మిగిలిన కారణం పేరు ఎత్తిన ఆప్షనే జవాబు.

వాస్తవం: ఎక్కువమంది పడేది ఇక్కడే. మా క్లాసులో ఇచ్చే లెక్క చూడండి. గుంటూరులో నిల్వ పెట్టిన మిర్చి రంగు తగ్గింది. కాయ రకమో, ఆరబోతో, కోల్డ్ స్టోరేజీలో చలి చాలకపోవడమో కారణం అయ్యుండాలి. కాయ మేలైన తేజ రకం, ఆరబోత బాగానే జరిగింది. కాబట్టి లోపం కోల్డ్ స్టోరేజీదే.

ఆప్షన్లు: రంగు తగ్గితే ధర పడిపోతుంది. ఆ స్టోరేజీలో లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) పడతాయి. ఆరబోత కళ్లంలోనే చేశారు. లారీలో తెచ్చేటప్పుడు సరుకు తడవలేదు.

చాలామంది రెండోది పెడతారు, అందులో స్టోరేజీ మాట ఉంది కనక. జవాబు నాలుగోది. గుంటూరు నుంచి వచ్చే ఓ అమ్మాయి ఒప్పుకోలేదు. ‘‘ఇందులో స్టోరేజీ ఊసే లేదు కదా సార్?’’ అంది. ‘‘దారిలో వాన పడుంటే?’’ అన్నాను. కాసేపు పేపరు వంకే చూసి, ‘‘మా నాన్న సరుకు ఓసారి అలాగే తడిసింది సార్. అయితే ఆ మూడు కారణాల లిస్టే సరిపోదు’’ అంది. ఆ ప్రశ్న కీలకమంతా ఆ మాటలో ఉంది. ఈ వాదన రెండు చోట్ల కూలుతుంది: జాబితాలో లేని కారణం బయటపడితే, లేదా కొట్టేసిన కారణాన్ని తప్పుగా కొట్టేసి ఉంటే. ఆ రెండు కంతల్లో ఒకటి పూడ్చేదే జవాబు. అందుకే అది తరచూ ‘లేదు’, ‘కాలేదు’ అనే మాటతో ముగుస్తుంది. ఆప్షన్లు చదవకముందే నాలుగో కారణం ఒకటి పెన్సిల్‌తో పక్కన రాయమంటాను.

అపోహ: ఇదంతా పరీక్ష కోసం పుట్టించిన కిటుకు.

వాస్తవం: మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో దీన్ని పరిశేషం అంటారు. శబ్దం ద్రవ్యం (వస్తువు) కాదు, కర్మ (కదలిక) కాదు, కాబట్టి గుణం అన్నది అక్కడి పాత ఉదాహరణ. ఇక కోర్టులో అయితే ప్రాణాలే దీనిమీద ఆధారపడతాయి. 1984లో శరద్ బిర్ధీచంద్ సారడా కేసులో సుప్రీంకోర్టు, పరిస్థితుల సాక్ష్యంతో శిక్ష వేయాలంటే నిందితుడి నేరం తప్ప వేరే అవకాశం మిగలకూడదంది. ఆత్మహత్య అయ్యుండే అవకాశాన్ని తోసిపుచ్చలేక నిందితుణ్ణి విడుదల చేసింది. లాయరు కావాలనుకునే పిల్లలకి ఈ తీర్పు తప్పకుండా చెబుతాను.

అపోహ: నెగెటివ్ మార్కులున్నాయి, ఆప్షన్లు కొట్టేసుకుంటూ వచ్చి పెట్టడం ప్రమాదం.

వాస్తవం: పాసేజీలో జాబితా మనిషి రాసింది, ఏదో ఒకటి మర్చిపోవచ్చు. జవాబులు దిద్దే ఓఎంఆర్ షీటులో మాత్రం ఒక్కో ప్రశ్నకి గడులు నాలుగే, ఐదోది లేదు. సరైనదానికి 1, తప్పుకి 0.25 కోత. రెండు కొట్టేసి మిగిలిన రెంటిలో ఒకటి పెడితే సగటున 0.375 వస్తుంది. రెండింటి దాకా వచ్చి వదిలేసిన ఖాళీ గడుల్ని మాక్ టెస్టు షీట్లలో చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.