తేదీ లేని భయం

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా అక్క కూతురికి ఏడేళ్లు. దసరా రోజులు. ఊరంతా తుఫాను షెల్టర్‌లో ఉంది. కిటికీ సందుల్లోంచి గాలి ఈల వేస్తుంటే పిల్ల వాళ్లమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుందట. తెల్లారి వెళ్లి చూస్తే ఇంటి రేకులు లేవు, బావ పడవ రెండు ముక్కలైంది. ఒడిశాలో ఆ రెండు రోజుల్లో దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. గంజాం తీరంలోని మన తెలుగు పల్లెలు ఆ మేలు మరిచిపోలేవు.

ఇప్పుడు ఆ పిల్ల బరంపురంలో డిగ్రీ చదువుతోంది. మొన్న ఎండాకాలం, మబ్బు చుక్క లేని మధ్యాహ్నం, వంటింటి పైరేకు గాలికి టకటకలాడింది. బియ్యం చెరుగుతున్నదల్లా చేట కింద పెట్టి గోడకు ఆనుకుపోయింది. పెదవులు పాలిపోయాయి. "గాలి వస్తోంది మావయ్యా" అంది. ఎప్పుడో వచ్చి వెళ్లిపోయిన గాలి ఆమెకు ఇంకా "వస్తోంది".

ఏ అనుభవమైనా జ్ఞాపకంగా కుదురుకోవాలంటే మెదడు దానికి ఎక్కడ, ఎప్పుడు అన్న గుర్తులు కట్టాలి. ఈ పనిలో హిప్పోక్యాంపస్ అనే భాగానిది పెద్ద చెయ్యి. ప్రాణభయం పట్టుకున్నప్పుడు అపాయాన్ని పసిగట్టే అమిగ్డలా జోరందుకుంటుంది, ఒత్తిడి హార్మోన్లు ఒళ్లంతా పారతాయి. ఆ ఉధృతిలో చప్పుడు, వాసన, చలి గట్టిగా నాటుకుంటాయి గానీ వాటి చుట్టూ ఉండాల్సిన సందర్భం సరిగా అల్లుకోదు. ఆంకె ఎలర్స్, డేవిడ్ క్లార్క్ అనే మనస్తత్వవేత్తలు 2000లో ఇచ్చిన వివరణ దాదాపు ఇదే. అలాంటి జ్ఞాపకం మళ్లీ కదిలితే గతంలా అనిపించదు, ఈ నిమిషంలో జరుగుతున్నట్టే ఉంటుంది. మా పెద్దవాళ్లు దీన్ని "జడుసుకుంది" అని తాయెత్తు కట్టించారు. భయం పిల్ల ఒంట్లోనే ఉండిపోయిందని వాళ్లకు అర్థమైంది, అది తప్పు కాదు.

అయితే నా లెక్కలో ఆ ఒక్క రాత్రి కంటే తర్వాతి మూడేళ్లే బరువైనవి. పడవ పోయింది, అప్పు పెరిగింది, బావ తాగుడుకు పడ్డాడు. రాత్రిళ్లు ఇంట్లో కేకలు. 1998లో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అమెరికాలో అచ్చు వేసిన అధ్యయనం ఇలాంటి బాల్యాల గురించే. దాదాపు తొమ్మిదిన్నర వేలమంది పెద్దవాళ్లను వాళ్ల చిన్నతనం గురించి అడిగారు: దెబ్బలు తిన్నారా, తల్లిని కొట్టడం చూశారా, ఇంట్లో తాగుబోతులున్నారా అని. నాలుగు రకాలో అంతకు మించో చవిచూసినవాళ్లలో డిప్రెషన్, తాగుడు, ఆత్మహత్యా ప్రయత్నం లాంటి ముప్పులు ఏమీ చూడనివాళ్ల కంటే నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువగా కనిపించాయి. ముప్పు ఎక్కువంటే రాసిపెట్టి ఉందని కాదు. చాలామంది నిలదొక్కుకున్నారు కూడా.

పోయినేడు నర్సింగ్ కోర్సు ఫారం తెచ్చి మేనకోడలి ముందు పెట్టాను. పెన్ను పట్టుకుని చాలాసేపు చూసి, "నాలుగేళ్ల తర్వాత సంగతి నాకేం తెలుస్తుంది మావయ్యా, అప్పటికి ఉంటానో లేదో" అంది. ఏడుస్తూ అన్నమాట కాదు, కూరలో ఉప్పు చాలలేదన్నంత మామూలుగా అంది. అదే నన్ను భయపెట్టింది.

1976లో కాలిఫోర్నియాలోని చౌచిల్లాలో 26 మంది బడిపిల్లలను బస్సులోంచి ఎత్తుకుపోయి, ఒక క్వారీలో పూడ్చిన లారీ పెట్టెలో బంధించారు. పిల్లలంతా ప్రాణాలతో బయటపడ్డారు. తర్వాత కొన్నేళ్లపాటు వాళ్లతో మాట్లాడిన లెనోర్ టెర్ అనే మానసిక వైద్యురాలు గమనించింది: పెళ్లి, ఉద్యోగం, పిల్లలు తమకు ఉంటాయని చాలామంది ఊహించుకోలేకపోయారు. రేపు పొట్టిదైపోయింది. ఈ లక్షణం తర్వాత వైద్యులు చూసే రోగలక్షణాల జాబితాలకు ఎక్కింది.

రేపటికీ నిన్నటికీ ఏమిటి సంబంధం? మోటారు సైకిల్ ప్రమాదంలో మెదడు దెబ్బతిన్న కె.సి. అనే కెనడా మనిషి తన జీవితంలోని ఒక్క సంఘటన కూడా గుర్తు చేసుకోలేకపోయేవాడు. రేపు ఏం చేస్తావని అడిగితే కూడా అతని మనసులో ఏమీ కదిలేది కాదు. రాబోయే రోజును ఊహించడానికి మనం గడిచిన రోజుల ముక్కలే వాడుకుంటాం. 1986లో మార్క్ విలియమ్స్, కీత్ బ్రాడ్‌బెంట్ ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవాళ్లకు ఒక్కో మాట ఇచ్చి, దానికి సంబంధించిన ఒక సంఘటన చెప్పమన్నారు. వాళ్ల జవాబులు "మా నాన్నతో తిరిగినప్పుడు" అన్నట్టు మొత్తంగా వచ్చేవి. ఫలానా రోజు, ఫలానా చోటు అని తేలేది కాదు. డిప్రెషన్ ఉన్నవాళ్లలోనూ తర్వాత ఇదే కనిపించింది. నొప్పి తగలకుండా మనసు గతాన్ని దూరం నుంచే చూస్తుంది కాబోలు. కానీ అలా చూసీచూసీ మంచిరోజుల రంగు కూడా వెలిసిపోతుంది, రేపటిని కట్టడానికి సామాను మిగలదు.

డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు "పొద్దు పోవడం లేదు" అంటే ఊరికే అనడం లేదు. దీని మీద జరిగిన ఎన్నో పరిశోధనలను కలిపి చూసిన 2015 నాటి విశ్లేషణలో, ఎన్ని సెకన్లు, ఎన్ని నిమిషాలు గడిచాయో అంచనా వేయమంటే వాళ్లు మిగతావాళ్లకు పెద్దగా తేడా లేకుండానే చెప్పారు. కాలం సాగుతున్న తీరు మాత్రం వాళ్లకు ఈడ్చినట్టుగా ఉంది. గడియారం సరిగానే వినబడుతుంది, రోజు మాత్రం కదలదు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అనుకుంటారు. దయచేసి అనుకోకండి.

చికిత్స ఉంది. యుద్ధాలు, విపత్తులు చూసినవాళ్ల కోసం మాగీ షావర్, ఫ్రాంక్ నోయ్‌నర్, థామస్ ఎల్బర్ట్ రూపొందించిన పద్ధతిలో నేల మీద ఒక తాడు పరుస్తారు. అది ఆ మనిషి బతుకు. మంచి జరిగిన చోట పువ్వు, చెడు జరిగిన చోట రాయి పెట్టిస్తారు. ఆ తర్వాత ఒక్కో రాయి దగ్గర ఆగి అప్పుడు ఎన్నేళ్లు, ఏ ఊరు, ఏం వినబడింది, ఒళ్లు ఎలా ఉంది అని వరసగా చెప్పిస్తారు. ఇంకా బతకాల్సిన కాలానికి గుర్తుగా తాడు చివర చుట్టగానే ఉంచేస్తారు. 2004 సునామీ తర్వాత శ్రీలంకలో 31 మంది పిల్లలతో చేసిన ప్రయత్నంలో కొందరికి ఈ పద్ధతి, కొందరికి ధ్యానం, సడలింపు అభ్యాసాలు ఆరేసి విడతలు ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ ఎక్కువమంది కోలుకున్నారు.

మా ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది, భాష. మా పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, డాక్టరుతో ఒడియాలోనే మాట్లాడతారు. భయం మాత్రం అమ్మ కొంగు దగ్గర తెలుగులో పుట్టింది. "జడుపు", "బెంగ" అన్న మాటలకు ఒడియాలో సరిజోడు వెతుక్కునేలోపు చెప్పాలనుకున్నది గొంతులోనే ఆగిపోతుంది. అందుకే 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ నంబరు 14416 గురించి కనిపించిన ప్రతి ఇంట్లో చెబుతున్నాను. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

మేనకోడలు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నన్ను బయటికి పొమ్మంది. గుమ్మం అవతల నిలబడ్డ నాకు ఒక్క మాటే వినబడింది: "అప్పుడు నేను రెండో తరగతి అండీ."