స్మార్ట్ రేడియేటర్ వాల్వ్ మొరాయిస్తోందా? అపోహలు - వాస్తవాలు

రేడియేటర్ అంటే బాయిలర్ పంపే వేడినీళ్లతో గదిని వేడిచేసే లోహపు పలక, అందులోకి నీళ్లను మోటార్‌తో వదిలే, ఆపే పరికరం స్మార్ట్ వాల్వ్. యాప్‌లో 21 డిగ్రీలు పెట్టారు. గంట గడిచినా గది 17 దగ్గరే ఉంది. చాలామంది వెంటనే హబ్‌ను (యాప్ ఆదేశాలను వాల్వ్‌కు చేరవేసే పెట్టె) ఆపి మళ్లీ వేస్తారు, వాల్వ్‌ను నెట్‌వర్క్ నుంచి తీసేసి మళ్లీ జత చేస్తారు. అక్కడితో సగం రోజు పోతుంది, రేడియేటర్ మాత్రం చల్లగానే ఉంటుంది. ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం నీళ్లలోనో, పిన్నులోనో (వాల్వ్‌లో నీళ్ల దారిని మూసే, తెరిచే చిన్న కడ్డీ), బ్యాటరీలోనో ఉంటుంది. అందుకే వెతుకులాట అక్కడ మొదలుపెట్టి, సిగ్నల్ సంగతి చివర్లో చూడాలి.

అపోహ: గది వేడెక్కలేదంటే వాల్వ్‌కు సిగ్నల్ అందడం లేదు.

వాస్తవం: తేల్చుకోవడానికి పావుగంట చాలు, పరికరాలేవీ అక్కర్లేదు. ముందు స్మార్ట్ హెడ్‌ను (వాల్వ్ మీద బిగించే, మోటార్, బ్యాటరీ ఉండే భాగం) గరిష్ఠ ఉష్ణోగ్రతకు పెట్టండి. మోటార్ వెనక్కి జరుగుతుంది, హెడ్ తేలిగ్గా వస్తుంది. తర్వాత దాన్ని వాల్వ్ బాడీ మీంచి విప్పేయండి. ఈ వాల్వుల్లో పిన్నును లోపలికి నొక్కితే నీళ్లు ఆగుతాయి, వదిలేస్తే స్ప్రింగ్ దాన్ని బయటికి తోస్తుంది, దారి తెరుచుకుంటుంది. అంటే హెడ్ తీసేస్తే వాల్వ్ పూర్తిగా తెరిచి ఉన్నట్టే. బాయిలర్, పంపు నడుస్తున్నాయని చూసుకుని 10-15 నిమిషాలు ఆగండి.

రేడియేటర్ వేడెక్కితే లోపం హెడ్‌లోనో, దాని అమరికలోనో, బ్యాటరీలోనో, సిగ్నల్‌లోనో ఉంది. వేడెక్కకపోతే ఎన్నిసార్లు జత చేసినా ఫలితం ఉండదు, అది నీళ్ల వైపు సమస్య.

నీళ్ల వైపైతే చేత్తో తాకి చూడండి. పైభాగం చల్లగా, కింద వేడిగా ఉంటే లోపల గాలి చేరింది. పంపు ఆపి, రేడియేటర్ చల్లారాక, పైమూలనున్న బ్లీడ్ స్క్రూను పావు చుట్టు తిప్పి గాలి వదలండి. నీళ్లు రాగానే బిగించి, బాయిలర్ ప్రెషర్ చూడండి. సీల్డ్ సిస్టమ్‌లో (నీళ్లు మూసి ఉన్న పైపుల్లోనే తిరిగే ఏర్పాటు) చల్లగా ఉన్నప్పుడు సాధారణంగా 1 నుంచి 1.5 బార్ ఉండాలి. పైన వేడిగా ఉండి కింది మధ్యభాగం చల్లగా ఉంటే నల్లటి తుప్పు మడ్డి పేరుకుంది, రేడియేటర్ కడిగించాలి. మొత్తం చల్లగా ఉంటే రెండో చివరనున్న లాక్‌షీల్డ్ వాల్వ్ (నీళ్ల ప్రవాహాన్ని సరిచేసి వదిలేసే మూత ఉన్న వాల్వ్) మూసి ఉందేమో చూడండి. అదీ తెరిచే ఉంటే అనుమానం పిన్ను మీదే.

అపోహ: పిన్ను బిగుసుకుపోతే పట్టకారుతో లాగేస్తే సరి.

వాస్తవం: ఈ పని ఎప్పుడూ చేయవద్దు. కొన్ని వాల్వుల్లో పిన్నుతో పాటు సీల్ కూడా ఊడొస్తుంది, ప్రెషర్‌లో ఉన్న వేడినీళ్లు గదిలోకి చిమ్ముతాయి.

చదునైన చెక్కముక్కతోనో స్పానర్ పక్క భాగంతోనో పిన్నును నిటారుగా నొక్కి వదలండి. గట్టిగా నొక్కితే కొన్ని మిల్లీమీటర్లు లోపలికి వెళ్లి తనంతట తానే వెనక్కి రావాలి. వెళ్లి రాకపోతే వాల్వ్ బాడీ పక్కన స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి, మళ్లీ నొక్కండి. ఇరవై ముప్పై సార్లు ఇలా చేస్తే చాలావరకు వదులవుతుంది. అప్పటికీ రాకపోతే వాల్వ్ లోపలి భాగం మార్చాలి. నీళ్లు దించకుండానే మార్చగలిగే రకాలున్నాయి, మార్చలేనివీ ఉన్నాయి. మీది ఏ రకమో తేలకుండా విప్పవద్దు.

అపోహ: హెడ్ బిగుసుకుంది కదా, సరిపోయినట్టే.

వాస్తవం: ఎక్కువ హెడ్‌లు ఎం30 x 1.5 (30 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. దూరంతో చుట్లు) మరకు సరిపోయేలా వస్తాయి. డాన్‌ఫాస్ కంపెనీ వాల్వుల్లో ఆర్‌ఏ, ఆర్‌ఏవీ, ఆర్‌ఏవీఎల్ రకాలకు వేర్వేరు అడాప్టర్లు కావాలి. ఆర్‌ఏవీకి అడాప్టర్‌తో పాటు పిన్ను మీద పెట్టే చిన్న పొడిగింపు ముక్క కూడా ఉంటుంది. అది పెట్టెలోనే మర్చిపోతే హెడ్ చక్కగా బిగుస్తుంది, మోటార్ చప్పుడు వినిపిస్తుంది, నీళ్లు మాత్రం ఎప్పటికీ ఆగవు. గది 25 డిగ్రీలు దాటినా రేడియేటర్ కాలుతూ ఉంటే ముందు ఇదే చూడండి.

కొన్ని మోడళ్ల తెర మీద ఎఫ్1, ఎఫ్2, ఎఫ్3 అని వస్తాయి. ఎఫ్1 అంటే మోటార్ కష్టంగా కదులుతోంది, పిన్ను బిగుసుకుని ఉండొచ్చు. ఎఫ్2 అంటే కదలిక దూరం మరీ ఎక్కువ, హెడ్ వదులుగా ఉంది లేదా అడాప్టర్ తప్పు. ఎఫ్3 అంటే కదలిక మరీ తక్కువ. ఈ మూడింటికీ సిగ్నల్‌తో సంబంధం లేదు.

హెడ్ బిగించాక అది పిన్నును చివరిదాకా నొక్కి, ఎంత దూరం కదలాలో కొలుచుకుంటుంది. దీన్నే కాలిబ్రేషన్ అంటారు. హెడ్‌ను చేతిలో ఉంచుకుని ఈ దశ పూర్తిచేసి తర్వాత బిగిస్తే కొలత మొత్తం తప్పుతుంది. వాల్వ్ మీద బిగించాకే దాన్ని నడపాలి, హెడ్ ఎప్పుడు విప్పి పెట్టినా మళ్లీ నడపాలి.

అపోహ: యాప్‌లో ఆన్‌లైన్ అని ఉంది, బ్యాటరీ 40 శాతం ఉంది, కాబట్టి బ్యాటరీ బాగానే ఉంది.

వాస్తవం: రేడియో నడవడానికి చాలా తక్కువ కరెంట్ చాలు. పిన్నును స్ప్రింగ్‌కు ఎదురు నెట్టే మోటార్‌కు అంతకన్నా ఎన్నో రెట్లు కావాలి. అరిగిన బ్యాటరీ మాటకు బదులిస్తుంది, పని దగ్గరికి వచ్చేసరికి వోల్టేజ్ పడిపోతుంది. మోటార్ మధ్యలో ఆగడం, కాలిబ్రేషన్ పదేపదే విఫలమవడం, హెడ్ తనంతట తాను రీస్టార్ట్ కావడం దీని లక్షణాలు.

ఆ శాతం వోల్టేజ్ చూసి వేసే అంచనా. ఆల్కలైన్ ఏఏ సెల్ 1.5 వోల్ట్‌లతో మొదలై మెల్లగా దిగుతుంది. రీచార్జబుల్ నికెల్ సెల్ నిండుగా ఉన్నా సుమారు 1.2 వోల్టే, అందుకే కొత్తగా చార్జ్ చేసినా కొన్ని వాల్వులు ఖాళీ అని చూపిస్తాయి. ఒకసారి వాడిపారేసే లిథియం ఏఏ సెల్ చివరిదాకా నిండుగా చూపించి ఒక్కసారిగా పడిపోతుంది. తయారీదారు వద్దన్న రకం వాడవద్దు. రెండు సెల్‌లూ ఒకేసారి మార్చండి.

అపోహ: సిగ్నల్ అందకపోతే ఇంకో వాల్వ్ పెడితే అది మధ్యలో అందిస్తుంది.

వాస్తవం: బ్యాటరీతో నడిచే వాల్వులు ఎక్కువ సమయం నిద్రలో ఉంటాయి, ఇతరుల సందేశాలు మోయవు. జిగ్‌బీలో (ఇంటి స్మార్ట్ పరికరాలు మాట్లాడుకునే వైర్‌లెస్ పద్ధతి) ఆ పని గోడ కరెంట్‌తో నడిచే పరికరాలది. కాబట్టి హబ్‌కూ వాల్వ్‌కూ మధ్య ఒక స్మార్ట్ ప్లగ్ పెట్టండి. అది అదే నెట్‌వర్క్‌కు చెందినదై ఉండాలి, వైఫై ప్లగ్ పనికిరాదు. వాల్వ్‌ను హబ్ పక్కన పెట్టి కాకుండా, అది ఉండబోయే చోటే జత చేయడం మంచిది. కొన్ని వాల్వులు మొదట పట్టుకున్న దారినే అంటిపెట్టుకుంటాయి. ఆ దారిలోని ప్లగ్‌ను మీరు వేరే గదికి మార్చిన రోజే వాల్వ్ మాయమవుతుంది.

జిగ్‌బీ, సాధారణ వైఫై రెండూ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తాయి. వైఫై 1, 6, 11 చానెళ్లు వాడుతుంటే జిగ్‌బీ 15, 20, 25 చానెళ్లు వాటి సందుల్లో పడతాయి. చానెల్ మారిస్తే కొన్ని పరికరాలను మళ్లీ జత చేయాల్సి రావచ్చు. హబ్ డాంగిల్‌ను (యూఎస్‌బీలో గుచ్చే చిన్న రేడియో పరికరం) కంప్యూటర్ యూఎస్‌బీ 3.0 పోర్ట్‌లో నేరుగా గుచ్చవద్దు, ఆ పోర్ట్ చుట్టూ 2.4 గిగాహెర్ట్జ్ రొద ఉంటుంది. మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరం జరిపితే చాలాసార్లు సమస్య అక్కడికక్కడే తీరుతుంది.

యూరప్‌లో 868 మెగాహెర్ట్జ్ వాడే వాల్వులకు మరో పరిమితి ఉంది. ఆ బ్యాండ్‌లో చాలాచోట్ల ఒక్కో పరికరం సమయంలో 1 శాతం మాత్రమే ప్రసారం చేయాలి, అంటే గంటకు 36 సెకన్లు. ప్రతి నిమిషం అన్ని వాల్వులకూ ఆదేశాలు పంపే ఆటోమేషన్ రాస్తే హబ్ ఆ కోటా దాటి మౌనం వహిస్తుంది. ఉష్ణోగ్రత మారాల్సినప్పుడే ఆదేశం పంపండి.

ఆదేశం చేరడానికి కొద్ది నిమిషాలు పట్టడం చాలా మోడళ్లలో మామూలే. వాల్వ్ మేల్కొన్నప్పుడే సందేశం అందుకుంటుంది.

అపోహ: వాల్వ్ చూపే ఉష్ణోగ్రత తప్పంటే సెన్సర్ చెడిపోయింది.

వాస్తవం: సెన్సర్ వేడి పైపుకు ఆనుకునే ఉంటుంది, గది కన్నా ఎక్కువ చూపడం సహజం. కర్టెన్ కప్పినా, రేడియేటర్‌కు చెక్కపెట్టె కట్టినా తేడా ఇంకా పెరుగుతుంది. ఎండ తగలని లోపలి గోడ దగ్గర, నేలకు మీటరున్నర ఎత్తున థర్మామీటర్ పెట్టి, గది రెండు మూడు గంటలు నిలకడగా ఉన్నాక పోల్చండి. వాల్వ్ 22 అంటే థర్మామీటర్ 19.5 అంటే ఆఫ్‌సెట్ (వాల్వ్ కొలతకు యాప్‌లో పెట్టే సవరణ) -2.5. తేడా రోజంతా మారుతూ ఉంటే ఆఫ్‌సెట్‌తో లాభం లేదు, విడి గది సెన్సర్ జత చేయండి.

వాల్వ్ కారణం లేకుండా అరగంట మూసుకుంటోందా? తెరిచిన కిటికీని పసిగట్టే సదుపాయాన్ని ఆపి చూడండి. తలుపు సందుల్లోంచి వచ్చే చల్లగాలిని అది కిటికీ అనుకుంటుంది.

అపోహ: 30 పెడితే గది త్వరగా వేడెక్కుతుంది.

వాస్తవం: గది చల్లగా ఉంటే 21 పెట్టినా వాల్వ్ దాదాపు పూర్తిగా తెరుచుకుంటుంది. 30 పెడితే ఆగాల్సిన చోట ఆగదు, అంతే.

అపోహ: అన్ని గదులకూ స్మార్ట్ వాల్వులు పెట్టేస్తే బాయిలర్ సంగతి అవే చూసుకుంటాయి.

వాస్తవం: వాల్వ్ తెరవగలదు, మూయగలదు. బాయిలర్‌ను వెలిగించాలంటే దానికి విడిగా రిలే (ఆదేశంతో కరెంట్ కలిపే, తెంచే స్విచ్) గానీ అదే వ్యవస్థకు చెందిన రిసీవర్ గానీ కావాలి. అది లేకపోతే హాల్లోని గోడ థర్మోస్టాట్ (గది వేడిని చూసి బాయిలర్‌ను వేసే, ఆపే పరికరం) తృప్తి పడగానే బాయిలర్ ఆగిపోతుంది, పడకగది వాల్వ్ వంద శాతం తెరుచుకుని వేడినీళ్ల కోసం ఎదురుచూస్తుంది. ఆ థర్మోస్టాట్ ఉన్న గదిలో స్మార్ట్ వాల్వ్ పెట్టి మూసేస్తే తిరగబడుతుంది: గోడ థర్మోస్టాట్ ఎప్పటికీ తృప్తి పడదు, బాయిలర్ ఆగదు. ఆ గదిలో రేడియేటర్‌ను తెరిచే ఉంచాలి.

అన్ని వాల్వులూ ఒకేసారి మూసుకుంటే పంపు నెట్టే నీళ్లకు దారి ఉండదు. ఆటోమేటిక్ బైపాస్ వాల్వ్ (అలాంటప్పుడు నీళ్లకు పక్కదారి తెరిచేది) ఉందో లేదో బాయిలర్ మెకానిక్‌తో చూపించుకోండి. పైపుల్లో ఈల లాంటి శబ్దం మొదలైతే ఈ పని వాయిదా వేయవద్దు. టకటకా కొట్టుకునే శబ్దమైతే వేరే సంగతి, వాల్వ్ బాడీ మీది బాణం గుర్తుకు వ్యతిరేకంగా నీళ్లు వెళుతుండవచ్చు.

అపోహ: పెయింట్ కోసం రేడియేటర్ విప్పేటప్పుడు యాప్‌లో ఆఫ్ చేస్తే చాలు.

వాస్తవం: గది చల్లబడి 5 డిగ్రీల దగ్గరికి వస్తే గడ్డకట్టకుండా కాపాడే ఏర్పాటు వాల్వ్‌ను తెరిచేస్తుంది. బ్యాటరీ అయిపోయే ముందు తెరిచేసే మోడళ్లూ ఉన్నాయి. హెడ్ తీసేసి, వాల్వ్ తయారీదారు ఇచ్చే మూత బిగించి పిన్నును పూర్తిగా నొక్కి ఉంచండి, లాక్‌షీల్డ్‌ను ఎన్ని చుట్లు మూశారో రాసిపెట్టుకోండి. విప్పిన చోట వాల్వ్ మూతికి కూడా బిరడా బిగించాకే పెయింట్ పని మొదలుపెట్టండి.