గట్టు జరిగితే ఎవరి దగ్గరికి వెళ్లాలి?

శ్రీకాకుళం జిల్లా పల్లెల నుంచి పని కోసం విశాఖకో చెన్నైకో వెళ్లిన మనిషి తిరిగి వచ్చేసరికి గట్టు జరిగి ఉంటుంది. కొన్నిసార్లు పొలమే ఇంకొకరి సాగులో ఉంటుంది. అలాంటి వారి కోసమే నిర్దిష్ట ఉపశమన చట్టంలో 6వ సెక్షన్ ఉంది. స్వాధీనం పోయిన ఆరు నెలల్లోపు దావా వేస్తే, భూమిపై హక్కు ఎవరిదన్న తగవులోకి వెళ్లకుండానే కోర్టు స్వాధీనాన్ని తిరిగి ఇప్పిస్తుంది. అసలు యజమాని అయినా సరే, చట్టాన్ని దాటి ఒకరిని పొలం నుంచి వెళ్లగొట్టకూడదన్నది ఇందులోని నీతి. 1877 నాటి చట్టంలోనూ ఈ రక్షణ ఉంది, 1963 చట్టం దాన్ని నిలబెట్టింది. ప్రభుత్వం మీద మాత్రం ఈ సెక్షన్ కింద దావా చెల్లదు. బాధాకరమేమిటంటే, పెద్దమనుషుల చుట్టూ తిరగడంలోనే ఆ ఆరు నెలలూ గడిచిపోతాయి. ఆ తర్వాత హక్కు రుజువు చేసుకుంటూ సుదీర్ఘమైన దావా నడపాల్సిందే.

అసలు ఈ ప్రాంతంలో సివిల్ కోర్టు గడప అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. 1839లో కంపెనీ ప్రభుత్వం 24వ చట్టం తెచ్చి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించింది. అక్కడ కలెక్టరే ఏజెంటు, ఆయనే న్యాయమూర్తి. తిరుగుబాట్లను అణచడానికి చేసిన ఏర్పాటు అది. 1917లో ఏజెన్సీ అని పిలిచే ఈ కొండ ప్రాంతాల భూముల బదిలీపై ఆంక్షలు వచ్చాయి. 1959 నాటి భూ బదిలీ నిబంధనను 1970లో సవరించి, గిరిజనేతరుల మధ్య బదిలీలను కూడా నిషేధించారు. ఒకప్పుడు పాలకుల సౌకర్యం కోసం గీసిన గీత ఇలా గిరిజనుడి భూమికి కంచె అయింది. నా దృష్టిలో ఈ తేడా చాలా ముఖ్యం.

మైదానంలో అదే గీత గీయబోయినప్పుడు మాత్రం రైతులు, న్యాయవాదులు ఊరుకోలేదు. 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి వచ్చిన రాష్ట్ర భూమి హక్కుల చట్టం హక్కు తగాదాలను సివిల్ కోర్టుల నుంచి తీసి అధికారుల చేతిలో పెట్టింది. రాష్ట్రమంతటా న్యాయవాదులు విధులు బహిష్కరించారు. 2024లో ఆ చట్టం రద్దయింది. రద్దు కావడం న్యాయమే. తప్పుగా నమోదైన అడంగల్‌ను, అంటే రెవెన్యూ వారి సాగు రికార్డును, ప్రశ్నించాల్సిన రైతు, తీర్పు కోసం మళ్లీ అధికారి దగ్గరికే వెళ్లాలంటే ఎలా?

అయితే గడప మిగిలినంత మాత్రాన భూమి చేతికి రాదు. డిక్రీ, అంటే కోర్టు తీర్పు ఉత్తర్వు, పొందాకే భారతదేశపు కక్షిదారుడి కష్టాలు మొదలవుతాయని అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు అయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 1872లోనే అంది. ఇప్పటికీ ఓడినవాడు కదలకపోతే గెలిచినవాడు అమలు పిటిషన్ వేయాలి. కోర్టు ఉద్యోగి అయిన అమీను వచ్చి స్వాధీనం ఇప్పించేదాకా వాయిదాలకు తిరగాలి. ఆ తిరుగుడు ఖర్చుకే చాలామంది సగం ధరకు రాజీ పడతారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే న్యాయవాదిని పెడతారు.

డిక్రీల అమలును ఆరు నెలల్లో ముగించాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. విజయనగరం, శ్రీకాకుళం కోర్టుల్లో అది నిజమైతే, ఈ వేసవిలో డిక్రీ అందుకున్న రైతు వచ్చే ఏడాది నాట్లు తన పొలంలోనే వేసుకుంటాడు.