చెలమ లోతు

నడక మొదలుపెట్టిన ఆరో రోజు మధ్యాహ్నానికి నా సీసాలో రెండు గుక్కల నీళ్లు మిగిలాయి. ఎదురుగా బంగాళాఖాతం. అంతర్వేది దాటి తీరం వెంట తూర్పుగా పోతున్నాను. ఇసుక దిబ్బ వెనక సరుగుడు నీడలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నా సీసా వంక చూసి, ఏమీ అడగకుండానే లేచి మొగలి పొద పక్కకు తీసుకెళ్లారు. మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఇసుక తోడారు. మోచేతి లోతు వచ్చేసరికి ఇసుక రంగు తిరిగింది. అడుగున నీరు ఊరడం మొదలైంది. ముందు కలకగా, కాసేపటికి తేటగా. కొబ్బరి చిప్పతో ముంచి ఇచ్చారు. చల్లగా, తియ్యగా ఉన్నాయి. కెరటాల చప్పుడు వినపడుతూనే ఉంది.

ఆత్రం కొద్దీ ఇంకాస్త తవ్వబోతే నా చెయ్యి పట్టుకుని ఆపారు. "లోతు తీయకండి బాబూ, ఉప్పు లేచిపోద్ది."

ఆ మాట వెనక మంచి భౌతికశాస్త్రం ఉంది. దిబ్బ మీద పడిన వాన ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటిని చేరుతుంది. ఉప్పునీరు కొంచెం బరువు: మంచినీళ్లు లీటరు కిలో తూగితే సముద్రపు నీళ్లు దాదాపు 25 గ్రాములు ఎక్కువ తూగుతాయి. అందుకే మంచినీరు పైన తేలుతుంది. ఇసుక రేణువుల మధ్య నీటికి కదలిక తక్కువ కాబట్టి రెండూ తొందరగా కలవవు. ఆ చిన్న తేడా వల్ల ఒక పెద్ద లెక్క వస్తుంది. సముద్రమట్టానికి అడుగు ఎత్తున మంచినీరు నిలిచి ఉంటే, దాని కింద సుమారు నలభై అడుగుల లోతు వరకూ మంచినీరే ఉంటుంది, నీటి మీద తేలే మంచుగడ్డకు అడుగుభాగం ఎక్కువ ఉన్నట్టు. నెదర్లాండ్స్‌లో గీబెన్ 1880ల చివర్లో, జర్మనీలో హెర్జ్‌బర్గ్ 1901లో, ఎవరికి వారే ఈ లెక్క తేల్చారు. ఆమ్‌స్టర్‌డాం నగరం 1853 నుంచి సముద్రతీరపు ఇసుక దిబ్బల నీళ్లే తాగేది.

ఈ లెక్కకు రెండో వైపు ఉంది. పైన మట్టం అడుగు తగ్గితే, కింద ఉప్పునీరు మెల్లమెల్లగా నలభై అడుగులు పైకి జరుగుతుంది. ఒక్కచోటే గట్టిగా తోడితే అక్కడి కిందనే ఉప్పు గోపురంలా ఉబికి వస్తుంది. అందుకే చెలమ నీటిని పాల మీద మీగడ తీసినట్టు పైపైన తీసుకోవాలి.

వీపున సంచి వేసుకుని రోజుల తరబడి నడవడం అమెరికాలో బాగా ఉంది. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా పోయే పసిఫిక్ క్రెస్ట్ బాట 4,200 కిలోమీటర్ల పైమాటే. దాని ఎడారి భాగంలో నడిచేవాళ్లు తర్వాతి ఊట ఎంత దూరమో చూసుకుని నీళ్లు మోస్తారు. ఆ దేశం 1964లో చేసిన చట్టంలో, మనిషి వచ్చిపోయే చుట్టమే తప్ప ఉండిపోని నేలను అడవిసీమగా నిర్వచించారు. గోదావరి డెల్టాలో అలాంటి నేల కోసం వెతికితే దొరకదు. ధవళేశ్వరం నుంచి ఏటిగట్టు వెంట నడిచిన అయిదు రోజుల్లో ఊరో, తోటో, పడవరేవో తగలని గంట లేదు. మొదట్లో అది నాకు లోటుగా అనిపించింది. చెలమ తర్వాత అలా అనిపించలేదు. దిబ్బ, వాన, ఉప్పు, వాటి మధ్య బతుకుతూ ఎంత లోతు తవ్వాలో ఎరిగిన మనిషి: నేను చూడవచ్చింది ఇదే.

ఇంట్లో రోజుకెన్ని నీళ్లు వాడతానో నేనెప్పుడూ లెక్క చూసుకోలేదు. నడకలో ఆ లెక్క భుజాలకు తెలుస్తుంది. లీటరంటే కిలో. ఎండలో నడిస్తే నాకు రోజుకు అయిదు లీటర్లు కావాలి. పొద్దున్నే అయిదు కిలోలు ఎత్తుకుని, సాయంత్రానికి వాటిని చెమటగా వదిలేస్తున్నాను. పక్కనే సముద్రం ఉన్నా పనికిరాదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంత ఉప్పును బయటికి పంపాలంటే మన మూత్రపిండాలకు లీటరుకు మించి నీళ్లు కావాలి. తాగినకొద్దీ దాహం పెరుగుతుందన్నమాట.

మరి ఆ నీళ్లలోనే నిలబడి బతికే మడచెట్టు సంగతేమిటి? వైనతేయ పాయ సముద్రంలో కలిసే వైపు, పాటు వేళ బురద బయటపడ్డాక, ఒక మడచెట్టు దగ్గర చాలాసేపు కూర్చున్నాను. చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వందల కొద్దీ శ్వాసవేళ్లు. బురదలో గాలి ఆడదు కాబట్టి వేళ్లు పైకొచ్చి ఊపిరి తీసుకుంటాయి. ఒక ఆకును నాలుకకు తాకిస్తే ఉప్పగా ఉంది. ఎండకు వాలుగా పట్టుకుంటే సన్నని ఉప్పు పలుకులు మెరిశాయి. మడచెట్టు వేళ్లు నూటికి తొంభై పాళ్లకు పైగా ఉప్పును గుమ్మంలోనే ఆపేస్తాయి. దాటి వచ్చిన కాస్తనూ ఆకుల మీది గ్రంథులు బయటికి నెట్టేస్తాయి. ఉప్పునీటి నుంచి మంచినీటిని ఇలా లాగాలంటే చెట్టు లోపల వేళ్ల నుంచి ఆకుల దాకా సాగే నీటి తీగ విపరీతమైన బిగువుతో ఉండాలి. శాస్త్రవేత్త స్కొలాండర్ 1965లో కొలిచి చూపించారు: మడజాతి చెట్లలో ఆ బిగువు 30 అట్మాస్ఫియర్లకు పైనే. కారు టైరులో గాలి పీడనం రెండు మూడు అట్మాస్ఫియర్లకు మించదు. పంపు లేదు, కరెంటు లేదు. ఆకు మీద పడే ఎండే ఆ పని చేయిస్తుంది. నేను వీపున మోసుకొచ్చిన నీళ్లను ఆ చెట్టు నిలబడ్డచోటే రోజంతా వడగట్టుకుంటోంది. ఆ బురదలో కూర్చుని నాకు ఆ చెట్టు మీద నిజంగా గౌరవం కలిగింది.

డెల్టా మొత్తం ఈ తీపి, ఉప్పుల మధ్య నిలిచిన నేలే. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేయించిన ఆనకట్ట వల్ల, తర్వాత దాని స్థానంలో కట్టిన బ్యారేజీ వల్ల కాలవల్లో నది నీళ్లు పారి నేలలో ఇంకుతున్నాయి. ఒకప్పటి తీరం వదిలివెళ్లిన ఇసుక మెరకల మీద ఊళ్లు వెలిశాయి, ఆ ఇసుకలోనూ తియ్యటి బావులున్నాయి. ఇప్పుడు ఆ మెరకల్లో ఇసుక తవ్వుకుపోతే, వాన నీరు నిలిచే చోటే పోతుంది. రొయ్యల చెరువుల కోసం పగలూ రాత్రీ బోర్లు తోడితే పైన మట్టం తగ్గుతుంది. తర్వాతి లెక్క పెద్దాయన చెప్పిందే.

ఎనిమిదో రోజు పొద్దున్న తీరం వదిలి ఊరి రోడ్డెక్కాను. రెండు పక్కలా రొయ్యల చెరువులు, వాటిలో గిరగిరా తిరిగే ఏరేటర్లు. టీవీఎస్ మీద ఇరవై లీటర్ల టిన్నులు రెండు పెట్టుకుని ఒకావిడ నా పక్కన ఆపారు. ఆర్వో ప్లాంటు నుంచి వస్తున్నారు. నా సంచి చూసి, "అంత బరువు ఎందుకండీ మోస్తున్నారు?" అన్నారు. సగం నీళ్లేనండి అన్నాను. మీ ఇంట్లో బోరు లేదా అని అడిగాను.

"ఉందండి. నీళ్లు ఉప్పగా తిరిగితే, ఇంకో ఇరవై అడుగులు దింపితే మంచినీళ్లు పడతాయన్నారు. అప్పు చేసి దింపాం. ఇంకా ఉప్పగా వచ్చాయి."