మా హాల్లో లైటు కొలిచిన రాత్రి

పోయిన వారం ఒక రాత్రి కడపలోని మా ఇంటి హాల్లో కిటికీలు మూసేసి, సీలింగ్‌కు బిగించిన ఒక్క ఎల్‌ఈడీ ప్యానెల్ మాత్రం వేశాం. దాని కింద స్టూలు, స్టూలు మీద ఫోన్. ఫోన్‌కూ లైటుకూ మధ్య రెండు మీటర్లు. వెలుతురు కొలిచే యాప్ చూపిన అంకెను 100 అనుకున్నాం. మా పాప టేపు పట్టుకుంటే, స్టూలును రెండు మీటర్లు పక్కకు జరిపి చాక్‌పీసుతో గుర్తు పెట్టాను.

లెక్క ప్రకారం అక్కడ 25 రావాలి. దూరం 2.83 మీటర్లకు పెరిగింది కాబట్టి వెలుతురు సగమవుతుంది. పైగా లైటు నేరుగా కిందికి, ఫోన్ నేరుగా పైకి చూస్తున్నాయి. వెలుతురు ఏటవాలుగా బయల్దేరి ఏటవాలుగానే వచ్చి పడుతుంది కాబట్టి, ఆ సగంలో మళ్లీ సగం పోతుంది. మాకు మాత్రం 25 కంటే ఎక్కువే వచ్చింది. తెల్ల సున్నం వేసిన గోడల మీద పడి తిరిగొచ్చిన వెలుతురు అది. మా నేల నల్లటి కడప బండలు. వాటి మీద తెల్ల దుప్పటి పరిస్తే అంకె ఇంకొంచెం పెరిగింది. పాపకు నమ్మకం కుదరక దుప్పటి తీసి, వేసి, మళ్లీ తీసి చూసింది.

పెద్ద ఆసుపత్రుల్లో, గోడౌన్లలో లైట్లను బట్టి మనం ఎక్కడున్నామో చెప్పే పద్ధతికి అసలు సమస్య ఇదే. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. వాటి బలహీనమైన సిగ్నల్ కాంక్రీటు స్లాబు దాటి లోపలికి సరిగా రాదు. అందుకని లైట్లనే వాడుకుంటారు. ఒక్కో లైటు సెకనుకు కొన్ని వేలసార్లు తనదైన లెక్కలో మినుకుమంటుంది. మన కంటికి అది తెలియదు, వెలుతురును పసిగట్టే చిన్న సెన్సర్ అయిన ఫోటోడయోడ్‌కు తెలుస్తుంది. పెళ్లిలో సన్నాయినీ డోలునూ మన చెవి వేరు చేసినట్టే, అది ఏ వెలుతురు ఏ లైటుదో వేరు చేస్తుంది. మూడు లైట్ల నుంచి దూరాలు తెలిస్తే మనం నిలబడ్డ చోటు దొరుకుతుంది. 2015లో ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో ఒక కార్‌ఫూర్ స్టోరులో ఫిలిప్స్ ఇలాంటి లైట్లు పెట్టింది. అక్కడ లైటును చదివేది ఫోన్ కెమెరా.

వెలుతురు నుంచి దూరం లెక్కగట్టాలంటే లైటు అసలు ఎంత వెలుగుతోందో ముందే తెలియాలి. ఒకే డబ్బాలో వచ్చిన రెండు ప్యానెళ్లు కూడా అచ్చంగా ఒకేలా వెలగవు. వయసుతో తగ్గుతాయి, వేడెక్కితే తగ్గుతాయి. మన ఎండలకు, మన దుమ్ముకు ఇంకా తగ్గుతాయి. లైటు 10 శాతం మసకబారిందనుకుందాం. మా హాలు కొలతల్లోనే, రెండు మీటర్ల పక్కనున్న మనిషిని ఆ లెక్క సుమారు 2.11 మీటర్ల దగ్గర చూపిస్తుంది. అదే మనిషి లైటుకు అర మీటరు పక్కనే ఉంటే 69 సెంటీమీటర్ల దగ్గర చూపిస్తుంది, అంటే 19 సెంటీమీటర్ల తేడా. లైటుకు దగ్గరైతే కచ్చితంగా చెబుతుందని నేననుకున్నాను, జరిగేది దానికి తిరగబడి ఉంది. కారణం చూస్తే సులువే. లైటు కింద ఒక అడుగు అటూ ఇటూ జరిగినా దూరం పెద్దగా మారదు. కాబట్టి దూరంలో వచ్చిన చిన్న తప్పు నేల మీద పెద్దదవుతుంది.

అందుకే కాలిబ్రేషన్. స్థానం ముందే తెలిసిన చోట్ల నేల మీద గుర్తులు పెట్టి, ఒక్కో చోట ఒక్కో లైటు ఎంత పడుతోందో కొలుస్తారు. ఆ అంకెలన్నిటికీ బాగా సరిపోయేలా ఒక్కో లైటు బలాన్ని, అది పక్కలకు ఎంతగా పరుచుకుంటోందో లెక్కకడతారు. గోడల నుంచి తిరిగొచ్చే వెలుతురు ఎక్కువైన మూలల్లో సూత్రం ఒక్కటే చాలదు. అక్కడ గుర్తులు దగ్గరదగ్గరగా పెట్టి, కొలిచిన అంకెలనే పటంలా దాచుకుంటారు. నాకైతే ఈ పనిలో గొప్పతనమంతా ఆ ఓపికలోనే కనిపిస్తుంది. బీరువా జరిపినా, గోడకు రంగు మార్చినా ఆ మూల మళ్లీ కొలవాల్సిందే.

మా బండల మీద చాక్‌పీసు గుర్తులు ఇంకా ఉన్నాయి. ఆదివారం ప్యానెల్‌ను తడిగుడ్డతో తుడిచి, అవే గుర్తుల దగ్గర మళ్లీ కొలవాలని పాప నోట్‌బుక్‌లో రెండో వరుస గీసి ఖాళీగా ఉంచింది.