క్వాంటంలో "చూడటం" అంటే ఏంటి? అపోహలు - వాస్తవాలు

నేను చేసేది సూపర్‌కండక్టింగ్ క్యూబిట్ల (క్వాంటం కంప్యూటర్‌లో బిట్ లాంటివి) రీడౌట్, అంటే క్యూబిట్ సున్నాలో ఉందా ఒకటిలో ఉందా అని కొలిచే పని. ఈ మాట చెప్పగానే ఎవరైనా అడిగేది ఒకటే, "మీరు చూస్తే అది మారిపోతుందంట కదా?" అసలు ఆ "చూడటం" అన్న మాటే కొంప ముంచింది.

అపోహ: మనిషి గమనిస్తేనే క్వాంటం స్థితి కూలిపోతుంది.

వాస్తవం: మనిషితో పనే లేదండీ. క్యూబిట్ పక్కన ఒక రెజొనేటర్ (ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర మోగే మైక్రోవేవ్ సర్క్యూట్) ఉంటుంది, క్యూబిట్ సున్నాలో ఉంటే దాని ఫ్రీక్వెన్సీ ఒక చోట, ఒకటిలో ఉంటే కాస్త పక్కకి జరిగి ఉంటుంది. మైక్రోవేవ్ పల్స్ పంపి తిరిగొచ్చిన సిగ్నల్ ఫేజ్ (అల ఎంత ముందుకో వెనక్కో జరిగిందో) చూస్తాం, కొలత అంటే అంతే. ఇప్పుడు డేటా సేవ్ చెయ్యకుండా, స్క్రీన్ ఆపేసి, అందరం ఇంటికెళ్ళిపోయినా సరే, ఆ పల్స్ వెళ్ళిందంటే సూపర్‌పొజిషన్ (సున్నా, ఒకటి రెండూ కలిసున్న స్థితి) పోయినట్టే, ఎందుకంటే క్యూబిట్ సంగతి ఫోటాన్లు బయటికి మోసుకెళ్ళిపోయాయి కాబట్టి. ఇంకా చెప్పాలంటే పల్స్ పంపకపోయినా, క్యూబిట్‌ని ఉంచే అతిశీతల ఫ్రిజ్‌లో పైన వేడిగా ఉన్న చోటు నుంచి కేబుల్లో దిగొచ్చిన ఒకటీ అరా ఫోటాన్లు రెజొనేటర్‌లో తిరుగుతుంటే చాలు, కోహరెన్స్‌ని (సూపర్‌పొజిషన్ నిలిచే గుణాన్ని) తినేస్తాయి. ఈ దరిద్రం ఎక్కడుందో పట్టుకోడానికి నాకోసారి రెండు వారాలు పట్టింది, ఆ రెండు వారాలూ క్యూబిట్‌ని "చూసింది" ఎవరంటే, సరిగ్గా చల్లబడని ఒక అటెన్యుయేటర్ (కేబుల్లో సిగ్నల్‌ని తగ్గించే భాగం)!

2004లో వియన్నాలో దీన్ని చాలా అందంగా చూపించారు. 70 కార్బన్ పరమాణువులున్న మాలిక్యూల్స్‌ని లేజర్‌తో వేడి చేసి ఇంటర్‌ఫెరోమీటర్‌లోకి (అలల్లా కలిసి చారలు ఏర్పడేలా చేసే పరికరంలోకి) వదిలారు, వేడి పెరిగేకొద్దీ అవి దార్లోనే కాంతిని వెదజల్లి తామెక్కడున్నదీ చుట్టుపక్కలకి తెలిసేలా చేసుకున్నాయి, ఇంటర్‌ఫెరెన్స్ చారలు మెల్లమెల్లగా చెరిగిపోయాయి. ఆ కాంతిని ఎవరూ పట్టుకోలేదు. భౌతిక శాస్త్రవేత్త యూజీన్ విగ్నర్ అంతటోడు 1961లో చైతన్యానికి ఇందులో పాత్ర ఉందని రాశాడు నిజమే, కానీ తర్వాత ఆ వాదన ఆయనే వదిలేశాడు, ఆ సంగతి మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

అపోహ: అనిశ్చితి సూత్రం (స్థానం, మొమెంటం రెండూ ఒకేసారి కచ్చితంగా ఉండవనేది) అంటే పరికరం తగిలి కణం కదిలిపోవడం.

ఇది కొంచెం చిక్కు, ఎందుకంటే 1927లో ఈ సూత్రం చెప్పిన హైసెన్‌బర్గే మైక్రోస్కోప్ ఉదాహరణతో (కణాన్ని చూడ్డానికి వేసిన కాంతే దాన్ని కదిపేస్తుందని) అలా వివరించాడు. కానీ అదే ఏడాది కెన్నార్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త నిరూపించిన అసమానత చెప్పేది వేరే. ఒకేలా తయారుచేసిన కణాలు వేలకొద్దీ తీసుకుని సగం వాటికి స్థానం మాత్రమే, మిగతా సగానికి మొమెంటం మాత్రమే కొలవండి. ఏ కణాన్నీ రెండుసార్లు తాకలేదు, అయినా ఆ రెండు కొలతల్లో వచ్చే చెదురుల లబ్ధం ఒక హద్దు కిందికి దిగదు. అంటే అది పరికరం మొరటుతనం కాదు, స్థితిలోనే ఉంది. కొలత వల్ల కలిగే అలజడి కూడా నిజమే, కాకపోతే దాని లెక్క వేరు.

అపోహ: కొలత రెప్పపాటులో అయిపోతుంది.

మా దగ్గర కొన్ని వందల నానోసెకన్లు పడుతుంది. పల్స్ బలహీనంగా పంపితే సమాచారం కొద్దికొద్దిగా వస్తుంది, స్థితి కూడా అలాగే జరుగుతుంది. 2019లో యేల్ వాళ్ళు క్వాంటం జంప్‌ని (ఒక శక్తి స్థాయి నుంచి ఇంకోదానికి దూకడాన్ని) మధ్యలో పట్టుకుని వెనక్కి కూడా తిప్పారు.

అపోహ: కొలిస్తే నాశనమే.

మామూలు డిటెక్టర్ ఫోటాన్‌ని మింగేస్తుంది కాబట్టి ఈ నమ్మకం వచ్చింది. పారిస్‌లో భౌతిక శాస్త్రవేత్త సెర్జ్ అరోష్ గ్రూప్ 2007లో అద్దాల మధ్య బందీ అయిన ఒకే ఫోటాన్‌ని, పరమాణువులు ఒకదాని తర్వాత ఒకటి పంపి, మింగకుండానే మళ్ళీ మళ్ళీ చూసింది. అసలు ఎడతెగకుండా కొలుస్తుంటే మార్పే ఆగిపోతుందని 1977లో భౌతిక శాస్త్రవేత్తలు మిశ్రా, మన సుదర్శన్ లెక్కకట్టారు కూడా, దాన్ని 1990లో బెరీలియం అయాన్ల మీద చేసి చూపించారు.

ఇక చదువుకున్నవాళ్ళ అపోహ ఒకటుంది, డీకోహరెన్స్ (సమాచారం చుట్టుపక్కలకి కారిపోయి సూపర్‌పొజిషన్ చెదిరిపోతుందన్న వివరణ) వచ్చాక కొలత సమస్య (ఒకే ఫలితం ఎలా వస్తుందన్న చిక్కు) తీరిపోయిందని. తీరలేదు. ఇంటర్‌ఫెరెన్స్ ఎందుకు పోతుందో అది చెబుతుంది, ఈసారి సున్నానే ఎందుకొచ్చింది, ఒకటి ఎందుకు రాలేదు అంటే చెప్పదు. అన్ని ఫలితాలూ వేర్వేరు ప్రపంచాల్లో జరుగుతాయని అనేక ప్రపంచాలు అనేవాళ్ళున్నారు, కణానికి ఎప్పుడూ ఒక కచ్చితమైన చోటు ఉంటుందనే భౌతిక శాస్త్రవేత్త బోమ్ దారి పట్టినవాళ్ళున్నారు, నా రీడౌట్‌లో మాత్రం ఇద్దరి లెక్కకీ అవే సంభావ్యతలు వస్తాయి. స్థితి దానంతటదే కూలుతుందనే సిద్ధాంతాలు మాత్రం కాస్త తేడా అంకెలు ఇస్తాయి, ఆ తేడా కోసం ప్రయోగాలు నడుస్తూనే ఉన్నాయి.