కర్సర్ అక్షరం మీద ఉండదు: ఎడిటర్ డాక్యుమెంటేషన్‌లో అపోహలు - వాస్తవాలు

పోయిన నెల హనుమకొండలో క్లాసు అయిపోయి అందరూ వెళ్లిపోయాక ఒక అమ్మాయి తలుపు దగ్గరే నిలబడి ఉంది. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒక చిన్న ఆఫీసులో డేటా ఎంట్రీ పని చేస్తుంది. "సార్, పన్నెండు వందల లైన్లు ఖరాబయినయి. మీ నోట్సుల ఉన్నట్టే చేసిన. ఎక్కడ తప్పు వోయిందో తెలుస్తలేదు" అన్నది.

ల్యాప్‌టాప్ తెరిచి చూశాను. ప్రతి లైనులో ఐదంకెల పాత కోడు, దానికి అతుక్కుని ఆరంకెల పిన్‌కోడు. 40127506001 అన్నట్టు. పాత కోడు తీసేసి పిన్‌కోడు మాత్రం ఉంచాలి. ఒక లైనులో చేసి, దాన్ని ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో కీబోర్డు మాక్రోగా (నొక్కిన మీటల వరుసను గుర్తుపెట్టుకుని మళ్లీ నడిపేది) రికార్డు చేసి, మిగతా లైన్లన్నిటి మీదా నడిపింది. పద్ధతి సరైనదే. కానీ ఐదంకెల్లో నాలుగే పోయాయి. ఐదోది మిగిలిపోయి పిన్‌కోడు ముందుకు చేరింది. 506001 ఉండాల్సిన చోట 7506001 ఉంది.

నా నోట్సు తీసి చూపించింది. అందులో వాక్యం ఇది: "మొదటి అంకె మీద కర్సర్ ఉంచి మార్క్ పెట్టండి. తర్వాత కర్సర్‌ను చివరి అంకె మీదికి తెచ్చి కట్ చేయండి." మార్క్ అంటే కట్ చేయాల్సిన భాగం ఎక్కడ మొదలవుతుందో చూపే గుర్తు. ఏళ్ల కింద నేను రాసిన వాక్యమే. ఆమె అక్షరాలా అదే చేసింది. తప్పు ఆమెది కాదు, వాక్యానిది.

ఫైలు దొరికింది. ఈమ్యాక్స్ ఒక ఫైలును తెరిచాక మొదటిసారి సేవ్ చేసేటప్పుడు పాత ప్రతిని, పేరు చివర టిల్డ గుర్తు పెట్టి, పక్కనే ఉంచుతుంది. ఆమె ఒక్కసారి సేవ్ చేసి మూసేసింది. పొద్దున తెరిచి చూసి, భయపడి, ఇక దేన్నీ ముట్టుకోలేదు. అదే మంచిదైంది. మళ్లీ తెరిచి ఏదో మార్చి సేవ్ చేసి ఉంటే ఆ పాత ప్రతి పోయి దాని స్థానంలోకి పాడైన ఫైలే వచ్చేది.

ఈ ఒక్క పొరపాటును నేను పదేళ్లుగా చూస్తున్నాను. ఈమ్యాక్స్ ప్యాకేజీలు రాసేవాళ్లకు డాక్యుమెంటేషన్ రాసిపెట్టడం నా పని. వరంగల్, కరీంనగర్ పిల్లలకు సెలవు రోజుల్లో క్లాసులు కూడా చెప్తాను. ఎక్కడికి పోయినా ఈ మాటే ఎదురవుతుంది. కాబట్టి ముందు దీని సంగతి.

అపోహ: కర్సర్ ఏ అక్షరం మీద కనిపిస్తే మనం ఆ అక్షరం మీద ఉన్నట్టు.

వాస్తవం: ఈమ్యాక్స్‌లో మనం ఉండే చోటు పేరు పాయింట్. అది ఎప్పుడూ రెండు అక్షరాల మధ్య ఉంటుంది. తెర మీద కనిపించే పెట్టె ఆకారపు కర్సర్ ఒక అక్షరాన్ని కప్పుతుంది కదా, పాయింట్ ఆ అక్షరానికి ముందున్న సందులో ఉంటుంది. దండ గుచ్చేటప్పుడు సూది రెండు పూల మధ్య ఉన్నట్టు.

నమ్మబుద్ధి కాకపోతే ఖాళీ ఫైలు ఒకటి తెరవండి. అందులో ఒక్క అక్షరం లేదు, కర్సర్ మాత్రం ఉంది. అది దేని మీద ఉన్నట్టు? పాయింట్ విలువ అడిగితే 1 అని చెప్తుంది. 40127 అని టైపు చేయండి. అక్షరాలు ఐదు, పాయింట్ నిలబడగల చోట్లు ఆరు. 4కు ముందు 1, 7 దాటాక 6. ఇప్పుడు ఆ అమ్మాయి లెక్క చూడండి. మార్క్ 1 దగ్గర పెట్టింది. కర్సర్‌ను 7 మీదికి తెచ్చింది, అంటే పాయింట్ 5 దగ్గర ఉంది. 1కీ 5కీ మధ్య ఉన్నవి నాలుగంకెలే. మెషీన్ సరిగ్గానే చేసింది. కర్సర్ 7ను దాటి పిన్‌కోడులోని 5 మీద కనిపించినప్పుడు కట్ చేయాలి. అది చెప్పాల్సింది నేను.

పాయింట్ అన్న పేరు కూడా ఊరికే వచ్చింది కాదు. 1976లో ఎంఐటీలో మొదటి ఈమ్యాక్స్‌ను టెకో అనే ఎడిటర్ భాషలో రాశారు. టెకోలో మనం ఉన్న చోటు విలువ కావాలంటే చుక్క గుర్తు కొట్టాలి. ఆ చుక్కే పాయింట్ అయింది. కర్సర్ అంటే తెర మీది బొమ్మ, పాయింట్ అంటే ఒక సంఖ్య. డాక్యుమెంటేషన్‌లో ఈ రెండు మాటలనూ ఒకదాని బదులు ఒకటి వాడితే ఎవరో ఒకరి ఫైలు పాడవుతుంది.

"ఎడిటర్లన్నీ ఒకటే అన్నా, మీటలే వేరు" అనే మాట కాలేజీ హాస్టళ్లలో బాగా తిరుగుతుంది. ఎవరు మొదలుపెట్టారో గానీ చాలా నష్టం చేసింది. వీఐ, విమ్ అనే ఎడిటర్ల సంగతి నిజంగానే వేరు. అక్కడ నార్మల్ మోడ్‌లో (టైపు చేయకుండా కమాండ్లు ఇచ్చే స్థితిలో) కర్సర్ అక్షరం మీదే ఉంటుంది. అందుకే విమ్ సహాయ పేజీల్లో కదలిక కమాండ్లకు, అది చేరిన చివరి అక్షరం లెక్కలోకి వస్తుందా రాదా అనేది గుర్తు పెట్టి చెప్తారు. 'ఈ' నొక్కితే పదం చివరి అక్షరం మీద ఆగుతుంది, దాన్ని తొలగింపుతో కలిపితే ఆ అక్షరం కూడా పోతుంది. ఈమ్యాక్స్‌లో మెటా-ఎఫ్ (మామూలుగా ఆల్ట్, ఎఫ్ కలిపి) పదం చివరి అక్షరాన్ని దాటి ఆగుతుంది. ఒకచోట నేర్చుకున్న వాక్యాన్ని ఇంకోచోట అతికించి నోట్సు తయారుచేసేవాళ్లు దయచేసి ఆపండి. ఆ నోట్సు ఫోటోకాపీ అయి ఎన్ని చేతులు మారుతుందో మీకు తెలియదు.

ఇప్పుడు నేను రాసే పద్ధతి మార్చుకున్నాను. "పదం చివరికి వెళ్తుంది" అని రాయను. "పదం చివరి అక్షరం దాటాక ఆగుతుంది, కర్సర్ దాని తర్వాతి గుర్తు మీద కనిపిస్తుంది" అని రాస్తాను. వాక్యం కొంచెం పొడుగవుతుంది, కానివ్వండి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంకో మాట కూడా చెప్తాను: కర్సర్-టైప్ అనే సెట్టింగును 'బార్'కు మార్చి ఒక వారం పని చేయండి. పెట్టె పోయి అక్షరాల మధ్య నిలువు గీత కనిపిస్తుంది. పాయింట్ ఎక్కడుందో కంటికే తెలుస్తుంది. టెర్మినల్‌లో అయితే కర్సర్ ఆకారం టెర్మినల్ చేతిలో ఉంటుంది, అక్కడ ఇది పని చేయకపోవచ్చు. ఆ అమ్మాయి మెషీన్‌లో అప్పుడే మార్చి ఇచ్చాను. రెండు నిమిషాలు కర్సర్‌ను అటూ ఇటూ కదిపి, "గిదైతే సమజైతున్నది సార్" అన్నది.

అపోహ: ఫార్వర్డ్-చార్ (కంట్రోల్-ఎఫ్ నొక్కితే నడిచే కమాండు) అంటే ఒక అక్షరం ముందుకు. ఇందులో వివరించడానికి ఏముంది?

వాస్తవం: తెలుగులో పని చేసేవాళ్లు ఈ మాట అనకూడదు. మనకు అక్షరం అంటే ఒకటి, ఈమ్యాక్స్‌కు క్యారెక్టర్ అంటే ఇంకొకటి. 'ఓరుగల్లు' తీసుకోండి. మన కంటికి ఓ, రు, గ, ల్లు నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో ఇది ఎనిమిది కోడ్‌పాయింట్లు (ఒక్కో గుర్తుకు ఇచ్చిన సంఖ్యలు, ఈమ్యాక్స్‌కు క్యారెక్టర్ అంటే ఇదే): ఓ, ర, ఉకారం, గ, ల, హలంత గుర్తు, ల, ఉకారం. యూటీఎఫ్-8 ఫైలులో ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 24 బైట్లు.

తెలుగును సరిగ్గా కూర్చి చూపించే తెర మీద, ఆ పదం మొదట్లో ఉండి కంట్రోల్-ఎఫ్ నాలుగుసార్లు నొక్కితే పదం దాటేస్తాం. ఎందుకంటే కమాండు అయిపోయాక పాయింట్ గుణింతం మధ్యలో పడితే ఈమ్యాక్స్ దాన్ని బయటికి జరుపుతుంది. అదే ప్రిఫిక్స్ ఆర్గ్యుమెంట్‌గా (కమాండుకు ముందు ఇచ్చే సంఖ్యగా) 4 ఇచ్చి ఒక్కసారి నొక్కండి. నాలుగు కోడ్‌పాయింట్లు లెక్కపెట్టి 'గ' తర్వాత ఆగిపోతుంది. నాలుగుసార్లు ఒకటి, ఒకసారి నాలుగు, రెండూ సమానం కావు. ఇంగ్లిషులో రాసుకునే డాక్యుమెంటు రచయితకు ఈ తేడా ఎన్నడూ కనపడదు. మనకు రోజూ తగులుతుంది. అందుకని నేను 'అక్షరం' అన్న మాట వాడినచోటల్లా అది కంటికి కనిపించే అక్షరమా, కోడ్‌పాయింటా అని పక్కనే రాస్తాను.

తొలగింపు దగ్గర కూడా ఇదే. 'స్త్రీ' ఒక్క అక్షరంలా కనిపించే ఆరు కోడ్‌పాయింట్లు. చివర నిలబడి బ్యాక్‌స్పేస్ కొడితే ఈకారం ఒక్కటే పోయి 'స్త్ర' మిగులుతుంది. ముందు నిలబడి డిలీట్ కొడితే, 2023లో వచ్చిన 29వ వెర్షన్ నుంచి, మొత్తం పోతుంది. "నా కీబోర్డు పిచ్చి పట్టింది" అని పిల్లలు నాకు ఫోన్ చేసేది దీనికే. కీబోర్డుకేమీ కాలేదు.

అపోహ: కుడి బాణం, కంట్రోల్-ఎఫ్ ఒకటే.

వాస్తవం: తెలుగులో, ఇంగ్లిషులో ఒకటే అనిపిస్తాయి. 2012లో వచ్చిన 24వ వెర్షన్ నుంచి ఇవి రెండు వేరు కమాండ్లు. కుడి నుంచి ఎడమకు నడిచే ఉర్దూ పేరాలో కుడి బాణం నొక్కితే పాయింట్ వెనక్కి పోతుంది, కంట్రోల్-ఎఫ్ నొక్కితే ముందుకే పోతుంది. ఉర్దూలో పని చేసేవాళ్లు మన దగ్గర ఎంతమంది ఉన్నారో వరంగల్‌లో ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. "కుడి బాణం అంటే ముందుకు" అని రాసిన నోట్సు వాళ్లకు తప్పు చెప్తున్నట్టే. ఇక బాణాలు వాడితే చిన్నతనం అనే మాట పట్టించుకోకండి. ఏది అలవాటైతే అది వాడండి.

అపోహ: నెక్స్ట్-లైన్ అంటే ఫైలులోని తర్వాతి లైను.

వాస్తవం: 2009లో వచ్చిన 23వ వెర్షన్ నుంచి అది మామూలుగా తెర మీది లైను. పొడుగు లైను మడత పడి మూడు వరుసలుగా కనిపిస్తే, దాటడానికి మూడుసార్లు నొక్కాలి. విండో వెడల్పు మారితే లెక్క మారుతుంది. ఈలిస్ప్ (ఈమ్యాక్స్ ప్రోగ్రామింగ్ భాష) కోడులో దీన్ని వాడొద్దని దాని డాక్‌స్ట్రింగే (కమాండుతో పాటే ఉండే వివరణ) చెప్తుంది, ఫార్వర్డ్-లైన్ వాడమంటుంది. ఫార్వర్డ్-లైన్ లైను మొదట్లో ఆగుతుంది, ఫైలు చివరికి వస్తే ఎర్రర్ ఇవ్వకుండా ఇంకా కదలాల్సిన లైన్ల లెక్క తిరిగి ఇస్తుంది. ఫార్వర్డ్-చార్ అలా కాదు, చివర్లో ఎర్రర్ ఇస్తుంది. అంచు దగ్గర ఏమవుతుందో రాయని డాక్యుమెంటేషన్ సగం డాక్యుమెంటేషనే.

అపోహ: కమాండు పేరు చూస్తే తెలిసిపోతుంది, మీట ఏదో రాస్తే చాలు.

వాస్తవం: మీట వాడేవాళ్లు మార్చుకుంటారు. అందుకే డాక్‌స్ట్రింగులో మీట పేరు నేరుగా రాయకుండా కమాండు పేరును ప్రత్యేక గుర్తుల్లో పెడతారు. చదివేటప్పుడు వాళ్ల మెషీన్‌లో ఉన్న మీటే కనిపిస్తుంది. పేరు విషయానికొస్తే, ఫార్వర్డ్-వర్డ్‌లో 'వర్డ్' అంటే ఏమిటో ఆ మోడ్ (ఫైలు రకానికి తగ్గ అమరిక) సింటాక్స్ టేబుల్, అంటే ఏ గుర్తు పదంలో భాగమో చెప్పే పట్టిక, చెప్పాలి. సీ భాష ఫైలులో అండర్‌స్కోర్ దగ్గర ఆగిపోతుంది. బిగినింగ్-ఆఫ్-బఫర్ ఫైలు మొదటికి తీసుకుపోవడంతో పాటు, మనం అంతకు ముందున్న చోట మార్క్ కూడా పెడుతుంది. వాడేవాళ్లకు అది మేలు: కంట్రోల్-యూ, వెంటనే కంట్రోల్-స్పేస్ నొక్కితే వెనక్కి వస్తారు. ప్రోగ్రాములో మాత్రం అది వాడేవాళ్ల మార్క్‌ను చెడగొడుతుంది. అక్కడ పాయింట్-మిన్‌కు (పాయింట్ నిలబడగల మొదటి చోటుకు) గోటు-చార్ (చెప్పిన చోటుకు వెళ్లే కమాండు) చేయాలి. నారోయింగ్ చేసి (ఫైలులో కొంత భాగమే కనిపించేలా చేసి) ఉంటే ఆ పాయింట్-మిన్ 1 కాకపోవచ్చు.

అపోహ: ఒక ఫైలుకు ఒకటే పాయింట్. కాదు. ఒకే ఫైలును రెండు విండోల్లో తెరిస్తే దేని పాయింట్ దానిదే.

అపోహ: కర్సర్ కదిపితే ఫైలు పాడవుతుంది.

వాస్తవం: ఇది అడిగేవాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది. మొదటిసారి చివరికి పోయినప్పుడు 'ఎండ్ ఆఫ్ బఫర్' అని వచ్చి బీప్ మోగుతుంది. కీబోర్డు మీంచి చేతులు తీసేస్తారు. ఏం కాదు. ఇంకా పోవడానికి చోటు లేదని చెప్పడమే అది. కదలిక కమాండ్లు పాఠాన్ని మార్చవు. ఫైలు చివర కిందికి నొక్కితే కొత్త లైను చేర్చే సెట్టింగు ఒకటి ఉంది గానీ, అది మీరు ఆన్ చేసుకుంటే తప్ప పని చేయదు. అయినా టెన్షన్‌గా ఉంటే కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-క్యూ నొక్కండి. ఫైలు చదవడానికి మాత్రమే అవుతుంది. ఏ మీట తగిలినా రాయనివ్వదు, రీడ్-ఓన్లీ అని కింద చెప్తుంది. ఆ అమ్మాయి ఆ రోజు అలా పెట్టుకునే, సాయంత్రం ఏడింటి దాకా క్లాసులో కూర్చుని 40127 మీద ముందుకూ వెనక్కూ కదిపి చూసుకుంది. తర్వాత మళ్లీ అదే మీటలు నొక్కి రీడ్-ఓన్లీ తీసేసి, పన్నెండు వందల లైన్ల మీద మాక్రో తనే నడిపింది.